ఫిర్ సే బోలో

ఆ రోజు మా భాంజీ కోచింగ్ నుంచి వచ్చి, బుర్ఖా కూడా తీయకుండా దీవాన్ మీద కూలబడిపోయింది. మా బేగం మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే తీసుకుంది గానీ తాగలేదు. ఏమైందంటే చెప్పదు. ఇషా నమాజ్ అయ్యాక దస్తర్‌ఖాన్ దగ్గర రోటీ తుంచుతూ తుంచుతూ, తలెత్తకుండా అడిగింది: "మామూ, నా ఇంగ్లీషుకి సచ్చీ విమానం కూలిపోతుందా?"

సంగతేమిటంటే, క్లాసులో సార్ ఒక్కొక్కరినీ లేపి 'స్టాండ్‌బై' అనమన్నాడట. ఈ పిల్ల 'ఇస్టాండ్‌బై' అంది. క్లాసంతా పకపకా నవ్వింది. సార్ కూడా నవ్వి, "నీ ఇంగ్లీషుకి విమానం కూలిపోతుందమ్మా" అన్నాడట. మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉర్దూ మీడియంలో చదివిన ఏ నోరైనా ముందు ఒక 'ఇ' తగిలించుకోకుండా 'స' మీద కాలు పెట్టలేదు. ఇస్కూల్, ఇస్టేషన్, ఇస్టూలు, ఇస్పూను. ఆ 'ఇ' మా తాతల నాటి జాయిదాద్. పొలాలూ ఇళ్ళూ పోయాయి గానీ అది మాత్రం పోలేదు.

ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబ్ లేదు. "ఛోడ్‌రే, తిను" అన్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ పిల్ల మా ఆపా కూతురు. కర్నూల్లో పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తర్వాత ఇంటర్ ఎంపీసీ, బీఎస్సీ ఫిజిక్సూ మ్యాథ్సూ. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వాళ్ళ జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి కంప్యూటర్ ఇమ్తెహాన్ రాసి పాసైంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అన్నమాట. మా ఆపాకు ఇది మొదట అర్థం కాలేదు. 'ఏర్‌హోస్టెస్' అనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. అది కాదు ఆపా, మన పిల్ల నేల మీదే ఉంటుంది, ఒక గదిలో రాడార్ తెర ముందు కూర్చుని ఏ విమానం ఎంత ఎత్తులో ఎటు పోవాలో పైలట్లకు హుకుం ఇస్తుంది అని చెప్పాను. "మర్దులు ఇది చెప్పినట్టు వింటారా?" అంది. వింటారు, వినకపోతే లైసెన్స్ పోతుంది అన్నాను. అప్పుడు కొంచెం నవ్వింది.

రాత పరీక్ష తర్వాత ఈ ఉద్యోగానికి వాయిస్ టెస్ట్ ఒకటుంది. పని మొత్తం నోటితోనే కాబట్టి నోటిని కూడా పరీక్షిస్తారు. దాని కోసమే హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో ఉంటూ కోచింగ్‌కి వెళ్తోంది. మొఘల్‌పురాలో ఒక బేకరీ మజ్దూర్ కూతురు సయ్యదా సల్వా ఫాతిమా కమర్షియల్ పైలట్ అయినప్పటి నుంచి మన ఇళ్ళలో ఆడపిల్లలు ఆకాశం వైపు కొంచెం ధైర్యంగా చూస్తున్నారు. ఈ పిల్ల కూడా ఆ ఫొటో పేపర్లోంచి కత్తిరించి ఫిజిక్స్ పుస్తకంలో పెట్టుకుంది.

నవ్వించుకోవడం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనుకుంటాను. నేను మూడు జబానుల్లో నవ్వించుకున్నవాణ్ణి. మన దక్కనీ వాళ్ళం ఖాఫ్ పలకలేం, 'ఖ' అంటాం. లక్నో వైపు నుంచి వచ్చిన ఒక మౌలానా నా తల్ఫుజ్ విని ముసిముసిగా నవ్వాడు. అది ఉర్దూలో. కర్నూలు ఉస్మానియా కాలేజీలో తెలుగు మెయిన్ తీసుకున్నాను. ఉర్దూ నోటికి 'ళ' రాదు. జ్వరమొచ్చిన రోజున లేచి "సార్, కల్లు మండుతున్నాయి" అన్నాను. ఆ పూటంతా క్లాసులో ఎవరూ నాకు కల్లు దుకాణం తప్ప ఇంకో మాట చెప్పలేదు. ఇక ఇంగ్లీషులో నవ్వించుకున్న కథలు చెప్పుకుంటూ పోతే ఫజర్ అజాన్ అయిపోతుంది.

ఒకటి మాత్రం చెప్పాలి. జర్నలిస్టుగా కొత్త. ఒక ప్రెస్‌మీట్‌కి పంపారు. మాట్లాడినాయన ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద అఫ్సర్, అంతా ఇంగ్లీషే. మధ్యలో ఒక లెక్క చెప్పాడు. ఫిఫ్టీన్ అన్నాడా ఫిఫ్టీ అన్నాడా నాకు అర్థం కాలేదు. చుట్టూ ఇంగ్లీషు పేపర్ల వాళ్ళు చకచకా రాసుకుంటున్నారు. చెయ్యెత్తి "మళ్ళీ చెప్పండి" అనాలి. అంతే, ఒక్క మాట. షర్మ్ అడ్డొచ్చింది. తలూపాను, అర్థమైనట్టు. యాభై అని రాశాను. పొద్దున పేపర్లో యాభై అనే వచ్చింది. అసలు లెక్క పదిహేను. మర్నాడు సవరణ వేశారు, మూడు లైన్లు, ఏడో పేజీ కింద. ఎడిటర్ కేకలేసి ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా ఆర్నెల్లపాటు నన్ను జిల్లా వార్తలకే పరిమితం చేశాడు. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఎవరైనా ఫిఫ్టీ అంటే నా చెవులు వేడెక్కుతాయి.

అందుకే ఆ రాత్రి లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. విమానం వాళ్ళకు ఎంత ఇంగ్లీషు కావాలో, ఎలాంటి ఇంగ్లీషు కావాలో ఎక్కడో రాసి ఉండాలి కదా. రాసే ఉంది.

ఐక్యరాజ్యసమితి కింద ఐకావో అనే సంస్థ ఉంది, ప్రపంచం మొత్తం పౌర విమానయానానికి కాయిదాలు రాసేది. అది 2003లో పైలట్లకూ కంట్రోలర్లకూ భాషా పరీక్ష పెట్టాలని నియమం చేసింది. ఆరు మెట్లు. నాలుగో మెట్టు ఎక్కితేనే దేశాల మధ్య తిరిగే విమానాలతో మాట్లాడే అర్హత. నాలుగులో ఉన్నవాళ్ళు మూడేళ్ళకోసారి, ఐదులో ఉన్నవాళ్ళు ఆరేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష ఇవ్వాలి. ఆరులో ఉన్నవాళ్ళకు మళ్ళీ అక్కర్లేదు. చూసేవి ఆరు సంగతులు: ఉచ్చారణ, వాక్యం కట్టడం, పదాలు, ధారాళం, వినికిడిలో గ్రహింపు, ఎదుటి మనిషితో మాట కలపడం. ఇందులో సగటు తీయరు. ఆరింట్లో ఏది అన్నిటికంటే తక్కువో అదే నీ మెట్టు. ఐదింట్లో ఉస్తాద్‌వి, ఒకదాంట్లో మూడు వచ్చిందంటే నీది మూడే.

ఇది చదివి భయమేసింది. కానీ ఉచ్చారణ దగ్గర రాసింది చూసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. నాలుగో మెట్టు మనిషి ఇంగ్లీషు మీద అతని మాతృభాష నీడ ఉండొచ్చట. ప్రాంతం యాస ఉండొచ్చట. ఆ నీడ ఎప్పుడో ఒకసారి తప్ప అర్థానికి అడ్డం రాకూడదు. ఆరో మెట్టులో కూడా నీడ ఉండొచ్చు, అడ్డం మాత్రం దాదాపు ఎప్పుడూ రాకూడదు. అంటే, ఎవరూ లండన్ వాళ్ళలా మాట్లాడమనలేదు! పైగా ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళక్కూడా హితవు ఉంది: మీ సామెతలూ జాతీయాలూ ఇంట్లో పెట్టి రండి, నిదానంగా మాట్లాడండి అని. రేడియోలో నిమిషానికి వంద మాటలు మించకూడదని నియమం. మా ఆపా ఒక్క నిమిషంలో ఎన్ని మాట్లాడుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి ఆ లెక్క నాకు బాగా నచ్చింది.

పొద్దున భాంజీని లేపి చెప్పాను: "విమానం ఇస్టాండ్‌బైకి కూలదు బేటీ. తప్పు అంకెకు కూలుతుంది. అర్థం కాకపోయినా అయిందన్నదానికి కూలుతుంది."

ఆ రోజు నుంచి మా ఇంట్లో రాత్రిపూట క్లాసు మొదలైంది. ఆమె కంట్రోలర్, నేను పైలట్. ఒక్కోసారి నేను కంట్రోలర్, ఆమె పైలట్. నా ఇంగ్లీషు సంగతి తెలిసిందే కాబట్టి ఇద్దరం సమానమే.

ముందు 'జీ' దగ్గర చిక్కుకున్నాం. మన తెహ్‌జీబ్‌లో పెద్దవాళ్ళు ఏం చెప్పినా 'జీ' అంటాం. విన్నానని 'జీ', అవునని 'జీ', చేస్తానని 'జీ', అర్థం కాలేదు గానీ మీరు పెద్దవాళ్ళు కదా అని కూడా 'జీ'. తెలుగులో 'సరే' కూడా ఇంచుమించు అంతే. రేడియో భాషలో ఈ మూటను విప్పి విడివిడిగా ఆరబెట్టారు. 'రోజర్' అంటే నువ్వు చెప్పింది అందింది, అంతే. చేస్తానని కాదు, ఒప్పుకున్నానని కాదు. 'విల్కో' అంటే అందింది, అలాగే చేస్తాను. 'అఫర్మ్' అంటే అవును. 'అనేబుల్' అంటే నావల్ల కాదు. ఆ చివరి మాట నోట రావడానికి మా భాంజీకి నాలుగు రోజులు పట్టింది. పెద్దలకు 'కాదు' చెప్పడం నేర్పలేదు కదా మనం. నేను కావాలని కుదరని హుకుం ఇచ్చేవాణ్ణి. ఆమె నసిగేది. చివరికి మా బేగం వంటింట్లోంచి అరిచింది: "అరే నక్కో బోల్ నా, సీదా!" నిజమే, మన దక్కనీలో 'హౌ', 'నక్కో' ఉన్నాయి. ఇంత సాఫ్‌గా అవుననీ కాదనీ చెప్పే మాటలు ఉర్దూ అదబ్‌లో కూడా లేవు. దక్కనీని వెక్కిరించే మౌలానా ఆ పూట జ్ఞాపకమొచ్చాడు.

'అఫర్మ్' అంటారే గానీ 'అఫర్మేటివ్' అనరు. ఎందుకంటే గరగర మధ్య చివరి ముక్క ఒక్కటే వినబడితే 'నెగటివ్' అనిపించొచ్చు. అవును కాస్తా కాదు అయిపోతుంది. ఇంత దూరం ఆలోచించారు.

తర్వాత అంకెలు. ఇక్కడ మా ఉర్దూ మీడియం గాయం ఒకటి పైకొచ్చింది. తెలుగు పిల్లలకు ఇరవై వస్తే ఇరవై తొమ్మిది దానంతటదే వస్తుంది. మనకు వందదాకా ప్రతి అంకెకూ వేరే పేరు. ఉన్‌హత్తర్ అంటే అరవై తొమ్మిది, ఉన్నాసీ అంటే డెబ్బై తొమ్మిది, నవాసీ అంటే ఎనభై తొమ్మిది. నలభై ఏళ్ళు దాటినా వీటి దగ్గర ఒక క్షణం ఆగని ఉర్దూవాలా ఎవరైనా ఉంటే నాకు చూపించండి, సలాం చేస్తాను. విమానం భాషలో ఈ తంటా లేదు. దిక్కు చెప్పాలంటే 'టూ సెవెన్ జీరో', ఒక్కొక్క అంకె విడిగా. మూడును 'ట్రీ' అంటారు, ఐదును 'ఫైఫ్', తొమ్మిదిని 'నైనర్'. ఎందుకంటే ఫైవ్, నైన్ రేడియోలో ఒకేలా వినబడతాయి. 'త్రీ'లోని ఆ మొదటి శబ్దం ప్రపంచంలో సగం నోళ్ళకు రాదు, కాబట్టి దాన్నే తీసేశారు. అంటే ఇంగ్లీషువాళ్ళే తమ ఇంగ్లీషు మార్చుకుని మన దగ్గరికి కొంచెం నడిచొచ్చారు.

పదిహేనంటే 'వన్ ఫైఫ్'. యాభై అంటే 'ఫైఫ్ జీరో'. ఆ పేజీ చూపిస్తూ ఆమె ఏదో చెప్పుకుపోతోంది. నేను వినడం లేదు. ఏడో పేజీ కింద మూడు లైన్లు కళ్ళ ముందు తిరుగుతున్నాయి.

ఆమెకు అన్నిటికంటే తేలిగ్గా వచ్చింది రీడ్‌బ్యాక్. కంట్రోలర్ చెప్పిన హుకుంలో ముఖ్యమైన భాగాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పాలి. కంట్రోలర్ దాన్ని చెవి ఒగ్గి వినాలి. తప్పుంటే అక్కడికక్కడే సరిదిద్దాలి. కోచింగ్‌లో మిగతా పిల్లలు దీన్ని మర్చిపోతున్నారట, ఈ పిల్ల ఒక్కసారి కూడా మర్చిపోలేదు. సార్ ఆశ్చర్యపోయాడట. ఇందులో ఆశ్చర్యం ఏముంది? ఐదో ఏట నుంచి మదర్సాలో సబక్ చదివిన పిల్ల. ఉస్తాద్ ఒక ఆయత్ చదువుతాడు, పిల్లలు అదే తిరిగి చదవాలి. ఒక జేర్ జబర్ తేడా వచ్చినా ఆపి మళ్ళీ చదివిస్తాడు. రంజాన్‌లో తరావీహ్ చదివించే హాఫిజ్ వెనక మొదటి సఫ్‌లో ఇంకో హాఫిజ్ ఎందుకు నిలబడతాడు? ముందున్నాయన ఒక మాట జారవిడిస్తే వెనకనుంచి లుఖ్మా ఇవ్వడానికే కదా. లుఖ్మా ఇస్తే ముందున్న హాఫిజ్ సాబ్‌కు కోపం రాదు. అందుకుని, దిద్దుకుని, ముందుకు పోతాడు. వెనకున్నాయన నిద్రమత్తులో ఉంటేనే మస్లా.

లుఖ్మా అందక విమానం కూలిన కేసు ఒకటుంది. 1989 ఫిబ్రవరిలో, మలేషియాలో. ఫ్లయింగ్ టైగర్ అనే సరుకుల కంపెనీ 747 విమానం కౌలాలంపూర్‌లో దిగబోతోంది. కంట్రోలర్ 2,400 అడుగులకు దిగమన్నాడు: 'డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో'. ఆ 'టూ' అంటే రెండు. విన్నవాళ్ళకు అది 'దాకా' అనే 'టు' అనిపించింది. నాలుగు సున్నా సున్నా దాకా, అంటే 400 అడుగులకు. అలాగే తిరిగి చెప్పారు కూడా, 'ఫోర్ జీరో జీరో' అని. కంట్రోలర్ ఆ తేడా పట్టుకోలేదు. విమానం కొండను కొట్టుకుంది. అందులో ఉన్న నలుగురూ పోయారు. విమానంలోనివాళ్ళు ఇంగ్లీషులోనే పుట్టి పెరిగిన అమెరికన్లు. 'ఇస్టాండ్‌బై' అనే నోళ్ళు కావు అవి.

ఇది చెప్పుకుంటున్న రోజునే మా అబ్బా మంచం మీంచి లేచి కూర్చున్నారు. అప్పటిదాకా తస్బీహ్ తిప్పుకుంటూ వింటున్నారని మాకు తెలియదు. "మా క్రేన్ దగ్గర కూడా అంతే" అన్నారు.

అబ్బా దమ్మామ్‌లో పద్నాలుగేళ్ళు రిగ్గర్. క్రేన్ కింద నిలబడి, పైనున్న ఆపరేటర్‌కి సైగలూ వాకీటాకీలో మాటలూ ఇచ్చే పని. ఆపరేటర్ పఠాన్, ఫోర్‌మన్ ఫిలిప్పీన్స్ వాడు, ఇంజినీర్ మిస్ర్ దేశం మనిషి. ఎవరి జబాన్ ఎవరికీ రాదు. ఒక పది ఇంగ్లీషు మాటలు అందరికీ ఉమ్మడి ఆస్తి. "నేను 'స్లో డౌన్' అంటే వాడు 'స్లో డౌన్' అనాలి. అనకపోతే లోడ్ కింద మనిషిని నిలబడనిచ్చేవాణ్ణి కాదు. నా ఇంగ్లీషు అంతే బేటా, పది మాటలు. ఆ పద్నాలుగేళ్ళలో నా లోడ్ కింద ఒక్క మనిషి పోలేదు, అల్‌హందులిల్లాహ్." ఇన్నేళ్ళలో అబ్బా తన ఇంగ్లీషు గురించి మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత కొంచెం ఆగి, "ఆ ఢిల్లీ జహాజ్ సంగతి చెప్పావా దీనికి?" అన్నారు.

చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

1996 నవంబర్. నేను పదో తరగతి. అబ్బా ఛుట్టీ మీద వచ్చి తిరిగి వెళ్తున్నారు. రైల్లో బొంబాయి వెళ్ళారు. అక్కడి ఏజెంట్ ఏ విమానంలో సీటు దొరికితే అందులో ఎక్కిస్తాడు. బొంబాయి నుంచే కావచ్చు, ఢిల్లీకి పంపి అక్కడినుంచే ఎక్కించవచ్చు. మాకు తెలియదు. పన్నెండో తారీఖు రాత్రి, రేడియోలో బీబీసీ ఉర్దూ వార్తలు. ఢిల్లీ నుంచి ధహ్రాన్ మీదుగా జెద్దా వెళ్ళే సౌదీ విమానం ఆకాశంలో ఇంకో విమానాన్ని గుద్దుకుందని చెప్పారు. దమ్మామ్‌కు వెళ్ళేవాళ్ళు అప్పట్లో దిగేది ధహ్రాన్‌లోనే. అమ్మీ చేతిలో గోధుమ పిండి. ఆ పిండి చేతులతోనే ముసల్లా మీదకు వెళ్ళిపోయింది.

మూడు రోజులు. గల్లీలో ఎస్టీడీ బూత్ ఉన్న ఇంటి ముందు నేను కాపలా కూర్చున్నాను. పేపర్లలో ఫొటోలు వచ్చేవి: హర్యానాలో చర్ఖీ దాద్రీ, పొలాల్లో సామాన్లు. మొత్తం 349 మంది. సౌదీ విమానంలో 312, కజకిస్తాన్ విమానంలో 37. ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో మా అబ్బాలాంటివాళ్ళే ఎంతోమంది, రెక్కలు అమ్ముకోవడానికి పోయేవాళ్ళు. మూడో రోజు మధ్యాహ్నం బూత్ ఆయన కేకేశాడు. అబ్బా! బొంబాయి ముసాఫిర్‌ఖానా నుంచి. ఇంకా సీటే దొరకలేదు, డబ్బులు పంపమని అడగడానికి చేశారు. ఆయనకు విమానం సంగతి తెలుసు గానీ మేం భయపడతామని తోచలేదట. అమ్మీ ఫోన్ తీసుకుని ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనానికి కూడా బిల్లు పడింది.

ఆ ప్రమాదం మీద జస్టిస్ లాహోటీ కమిషన్ వేశారు. కజక్ విమానం ఢిల్లీలో దిగడానికి వస్తోంది. 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు. సౌదీ విమానం పైకి లేస్తోంది, దానికి 14,000. మధ్యన వెయ్యి అడుగులు ఉండాలి. ఎదురుగా సౌదీ విమానం వస్తోందని కంట్రోలర్ కజక్ వాళ్ళకు చెప్పాడు కూడా. కానీ కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు దాటి కిందికి దిగిపోయింది. అందులో పైలట్లు నడుపుతారు, కంట్రోలర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్. హుకుం ఒక చెవికి, పని ఇంకో చేతికి. సిబ్బందికి ఇంగ్లీషు చాలినంత రాకపోవడాన్ని కూడా కమిషన్ కారణాల్లో చెప్పింది. అలాగని నెపమంతా జబాన్ మీదే వేయడం ఇన్సాఫ్ కాదు. ఢిల్లీలో అప్పుడు వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకటే దారి. ఎత్తు చూపించే రాడార్ లేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే ఐకావో భాష సంగతి గట్టిగా పట్టించుకుంది.

భాంజీ అంతా విన్నది. నానా దగ్గరికి వెళ్ళి మంచం మీద కూర్చుంది. "నానా, మీరు ఆ విమానం ఎక్కుంటే?" అంది. "ఎక్కలేదు కదా" అన్నారు అబ్బా, తస్బీహ్ మళ్ళీ అందుకుంటూ.

ఇంకో కేసు గురించి మాత్రం ఆమెతో చాలాసేపు వాదించాను. 1990 జనవరిలో కొలంబియా దేశం విమానం, ఏవియాంకా 52, న్యూయార్క్ పైన వరుసలో తిరిగి తిరిగి ఇంధనం అయిపోయి కూలింది. 158 మందిలో 73 మంది పోయారు. కెప్టెన్ మాట్లాడేది స్పానిష్. ఎమర్జెన్సీ అని చెప్పు అన్నాడు కో-పైలట్‌తో. కో-పైలట్ ఇంగ్లీషులో కంట్రోలర్‌తో 'ఇంధనం అయిపోతోంది' అన్నాడు, అది కూడా మామూలుగా, వేరే మాట చివర తగిలించి. 'ఎమర్జెన్సీ' అనలేదు, 'మేడే' అనలేదు. చెప్పావా అని కెప్టెన్ అడిగితే చెప్పానన్నాడు. అతను ఇంగ్లీషు రాక చెప్పలేదా? భాంజీ అవునంది. నేను కాదన్నాను. ఆ మాట అతనికి రాకపోవడం కాదు. పెద్ద ఎయిర్‌పోర్ట్, తొందరగా మాట్లాడే కంట్రోలర్లు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని గొంతు తగ్గించేశాడు. ప్రెస్‌మీట్‌లో తలూపినవాడికి తెలుసు ఆ గొంతు. ఆమె నన్నొకసారి చూసి, "ఆప్‌కో కైసే మాలూం?" అంది. అప్పుడు చెప్పాను ఏడో పేజీ సంగతి. ఎవరికీ చెప్పలేదు అంతవరకూ, మా బేగంకు కూడా.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మామూ, ఒక్క 'సే అగైన్' అంటే అయిపోయేది కదా" అంది, సరిదిద్దుతున్నట్టు. లుఖ్మా ఇచ్చినట్టు.

'సే అగైన్' అంటే మళ్ళీ చెప్పు. రేడియో భాషలో అది తప్పు కాదు, షర్మ్ కాదు, అజ్ఞానం కాదు. వినబడనివాడి హక్కు. అసలు అడగకపోవడమే తప్పు. ఆ నాలుగో మెట్టు నియమాల్లో కూడా ఉంది: అర్థం కానప్పుడు అడిగి రూఢి చేసుకోగలగడం, తప్పుగా అర్థమైందనిపిస్తే సర్దుకోగలగడం. దానికీ మార్కులున్నాయి. ఇంగ్లీషు రానప్పుడు ఏం చేస్తావో కూడా ఇంగ్లీషు పరీక్షలో భాగమే అన్నమాట. ఈ సంగతి నలభై ఏళ్ళు దాటాక తెలిసింది నాకు.

ఆ తర్వాత ఆమె కోచింగ్‌కి వెళ్ళింది. 'ఇస్టాండ్‌బై'ని మేం పూర్తిగా వదిలేయలేదు. పాము బుసకొట్టినట్టు ముందు ఒక సాగిన 'స్‌స్‌స్' అని, దాని మీదుగా జారమన్నాను. పది సార్లకు ఏడు సార్లు వస్తుంది, మూడు సార్లు 'ఇ' తొంగి చూస్తుంది. క్లాసులో మళ్ళీ ఆ మూడోసారే పడిందట. ఎవరో నవ్వారట. "నవ్విన వాళ్ళను రీడ్‌బ్యాక్ ఇమ్మని అడిగాను మామూ. ఎత్తు తప్పు చెప్పారు" అంది. సార్ ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట, బోర్డు తుడుచుకున్నాడట.

వాయిస్ టెస్ట్‌కి నేను వెంట వెళ్ళాను. బయట టీ బండి దగ్గర నిలబడి మూడు చాయ్‌లు తాగాను. లోపలినుంచి వచ్చింది. ఒక పేరా చదివించారట, తన గురించి చెప్పమన్నారట, కొన్ని ప్రశ్నలడిగారట. ఎలా చేశావన్నాను. "ఒక ప్రశ్న అర్థం కాలేదు మామూ" అంది. నా గుండె జారింది. "అయితే?" "మళ్ళీ చెప్పమన్నాను. చెప్పారు. అప్పుడు అర్థమైంది." టీ డబ్బులు తనే ఇచ్చింది.

రిజల్ట్ ఇంకా రాలేదు. వచ్చినా అయిపోదు, మెడికల్ ఉంది, ఆపైన నెలల తరబడి ట్రైనింగ్ ఉంది, ఆ నాలుగో మెట్టు ఇమ్తెహాన్ అప్పుడుంది. మా ఆపా కర్నూలు నుంచి రోజూ ఫోన్ చేసి అడుగుతుంది. ఓర్వకల్లులో ఎయిర్‌పోర్ట్ వచ్చింది కదా, అక్కడే వేస్తారా దీన్ని అని. 2021లో అది మొదలైనప్పుడు 'మనకెందుకు విమానాలు' అన్నది ఈ ఆపానే.

మొన్న ఒక ప్రెస్‌మీట్‌కి వెళ్ళాను. ఈసారి మాట్లాడినావిడ నలభై కోట్లో పద్నాలుగు కోట్లో అంది. ఫోర్టీ, ఫోర్టీన్. నా పక్కన కుర్రాడు రాసేసుకున్నాడు. నేను చెయ్యెత్తాను. "మేడం, సే అగైన్ ప్లీజ్. వన్ ఫోర్ ఆర్ ఫోర్ జీరో?" వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కాగితం చూసుకుని "వన్ ఫోర్" అంది. "వన్ ఫోర్" అన్నాను తిరిగి. పక్క కుర్రాడు తన పుస్తకంలో సున్నా కొట్టేసి దిద్దుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి భాంజీ నానాకు మందులిస్తోంది. "నానా, ఏక్ గోలీ, ఖానే కే బాద్." అబ్బా కళ్ళు మూసుకునే ఉన్నారు. "ఏక్ గోలీ, ఖానే కే బాద్" అన్నారు. అంతటితో ఆగక, "తెల్లదా, పసుపుదా? ఫిర్ సే బోలో" అన్నారు.